నీళ్ళలోంచి లేవని బెల్టు

“మీరు అమ్మిన గిన్నెకి రంగు రాలిపోతోందండీ!”

పలకరింపు లేదు, పాడూ లేదు. వానకు సగం తడిసి లోపలికి వచ్చిన ఆ యువకుడు, మూత బిగించిన స్టీలు డబ్బా ఒకటి తెచ్చి కౌంటరు మీద టక్కున పెట్టాడు.

తొట్టెలో నీళ్ళు మారుస్తున్న అమ్మాయి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆ పెంపుడు జంతువుల దుకాణంలో చేపల పని ఆమెది. అందుకే యజమాని నుంచి వచ్చిపోయే వాళ్ళ దాకా అందరికీ ఆమె చేపలమ్మాయే. గట్టిగా మాట్లాడడం ఆమెకు అలవాటు లేదు. చేపలతో ఆ అవసరం రాదు కదా.

“ఏ గిన్నె అండీ?”

“పాము నీళ్ళగిన్నె. నల్లది. ఇక్కడే కొన్నాను. చూడండి, నీళ్ళ నిండా నల్ల పొక్కులు. మా బెల్టు పొద్దస్తమానం ఆ నీళ్ళల్లోనే పడుంటుంది. ఆ రంగు దాని ఒంటికి అంటితే పూచీ ఎవరిది?”

“బెల్టా?”

“మా పాము పేరండీ.”

ఆమెకు నవ్వు వచ్చింది, ఆపుకుంది. అతను మాత్రం మాట ఆపలేదు. “దీని బదులు రంగు వెయ్యనిది ఇవ్వండి. ఇంకా పెద్దది. దానికి స్నానమంటే మహా సరదా. కాళ్ళు చాపుకుని పడుకునే తొట్టి కొనిపెట్టమంటోంది మా నాయనమ్మ.”

“పాముకి కాళ్ళు…”

“అదేనండీ. ఒళ్ళు చాపుకుని.”

ఆమె డబ్బా మూత తీసింది. చెంచాతో కాసిని నీళ్ళు తీసి తెల్ల కాగితం మీద పోసి, ముఖం దగ్గరగా పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. నీళ్ళు కాగితంలోకి ఇంకిపోయాక, నల్ల చుక్కల్లో ఒకటి మెల్లగా అంచు వైపు నడక మొదలుపెట్టింది.

“ఇది రంగు కాదండీ,” అంది నెమ్మదిగా. “రంగుకి కాళ్ళుండవు.”

అతను వంగి చూశాడు. తగాదాకి వచ్చిన ముఖంలోంచి తగాదా అంతా జారిపోయింది.

“పాములకి పట్టే పేలు ఇవి. మైట్స్ అంటారు. పొలుసుల సందుల్లో దూరి రక్తం తాగుతాయి. మీ పాము సరదాకి స్నానం చెయ్యడం లేదండీ. దురద ఓర్చుకోలేక నీళ్ళలో దిగి వీటిని ముంచుకుంటోంది. దవడ కింద, కళ్ళ చుట్టూ ఎప్పుడైనా చూశారా?”

“కళ్ళ చుట్టూ…” అతను తన కళ్ళ కింద వేలితో గీసి చూపించాడు. “ఈ మధ్య కాటుక పెట్టినట్టు నల్లగా కనిపిస్తోంది. వయసొచ్చిందని మురిసిపోయింది నాయనమ్మ. ఫొటో కూడా తీయించింది.”

 బయట వాన కాస్త పెద్దదైంది.

“ఒక్కసారి వచ్చి చూస్తారా?” అన్నాడతను. “నేను లిఫ్టులు బాగుచేస్తానండీ. ఎంత ఎత్తు మీదైనా తాడు పట్టుకుని వేలాడమంటే వేలాడతాను. కానీ ఇది… నా చేత్తో దానికేమైనా అయితే మా నాయనమ్మ తట్టుకోలేదు.”

లిఫ్టులు బాగుచేసే మనిషి ఉండే మేడకి లిఫ్టు లేదు. మెట్లు ఎక్కుతూ ఆమె ఆ మాట అననే లేదు, అతనే ముందుగా అన్నాడు: “నవ్వకండి. ఇంటికొచ్చాక కూడా దాని మొహమే చూడాలా?”

పై అంతస్తులో ఉన్నది వాళ్ళ వాటా ఒక్కటే. తలుపు తీసిన ముసలావిడ కళ్ళద్దాలు ముక్కు చివరికి దించి చూసింది.

“ఎవర్రా? డాక్టరమ్మా?”

“కాదు నాయనమ్మా. చేపలమ్మాయి.”

“పాముకి జబ్బు చేస్తే చేపల మనిషిని తీసుకొస్తావేంట్రా! రేపు నాకు జ్వరమొస్తే ఎవర్ని తెస్తావు?”

కిటికీ పక్కన అద్దాల పెట్టె. అందులో నల్ల గిన్నె. గిన్నెలో చుట్టలు చుట్టుకుని, ముక్కు మాత్రం నీళ్ళపైన పెట్టుకుని బెల్టు. నారింజ రంగు ఒంటి మీద ఇటుక రంగు మచ్చలు. అతను పనికి వెళ్ళిన ఒక మేడలో, ఇల్లు ఖాళీ చేసిన వాళ్ళెవరో లిఫ్టు పక్కన వదిలేసిపోతే ఇతను తీసుకొచ్చాడట. ‘అది ఉంటే నేనుండను’ అన్న ముసలావిడ వారం తిరక్కుండా దానికి పేపరు చదివి వినిపించడం మొదలుపెట్టిందట. పెద్దాయన పోయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో పేపరు వినే మనిషి లేడు మరి.

అమ్మాయి స్వెట్టరు చేతులు మోచేతుల పైదాకా మూడు మడతలు పెట్టి, సబ్బుతో మోచేతుల వరకూ కడుక్కుని, అప్పుడు పామును ఎత్తింది. కడుపు చూసేసరికి ఆమె ప్రాణం ఉసూరుమంది. రాత్రీ పగలూ నీళ్ళలో నానడంతో కింది పొలుసులు మెత్తబడి, అక్కడక్కడా చిన్న చిన్న బొబ్బలు లేచాయి. తెల్ల తువ్వాలు మీద పడుకోబెడితే, అది పాకినంత మేరా నల్ల నలుసులు.

“ఏమంటావు తల్లీ?” అంది ముసలావిడ. గొంతులో ఇందాకటి జోరు లేదు.

“డాక్టరుకి చూపించాలి మామ్మగారూ. ఇవాళే.”

డాక్టరు చూసి చెప్పింది చాలా పని. పెట్టెలో ఉన్న చెక్కపొట్టు, కొమ్మ, అన్నీ పారెయ్యాలి. పెట్టెను సలసల కాగే నీళ్ళతో కడగాలి. ఇచ్చిన మందు ఖాళీ పెట్టెకి కొట్టి, పూర్తిగా ఆరాకనే పామును పెట్టాలి. అడుగున తెల్ల కాగితం తప్ప ఇంకేదీ ఉండకూడదు. బొబ్బలు ఆరేదాకా, దిగి పడుకోవడానికి వీల్లేని చిన్న గిన్నెలోనే నీళ్ళు. మధ్య మధ్య గోరువెచ్చని నీళ్ళలో, కళ్ళెదుటే, కాసేపు స్నానం. కంటికి కనిపించని గుడ్లు తర్వాత పగులుతాయి కాబట్టి ఇదంతా మళ్ళీ, మళ్ళీ.

అట్లా ఆమెకు ఆ ఇంటికి రాకపోకలు అలవాటయ్యాయి.

స్నానాలకి అతను నీళ్ళు పట్టేవాడు, ఆమె పామును పట్టేది. మొదటిసారి ఆమె మణికట్టు ముంచి నీళ్ళ వేడి చూస్తుంటే, అతనూ చెయ్యి ముంచాడు.

“సరిపోయిందాండీ?”

“మీ చెయ్యి తీస్తే చెప్తాను. అది వేడిగా ఉంది.”

అతను చటుక్కున తీసేశాడు. చెవులు ఎర్రబడ్డాయి. లోపలి గదిలోంచి ముసలావిడ దగ్గు వినిపించింది. జలుబు దగ్గు కాదది.

స్నానమయ్యాక తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుంటే, బెల్టు మెల్లగా తల ఎత్తి, నాలుక ఆడిస్తూ వచ్చి, ఆమె ఎడమ చేతి స్వెట్టరు మడతలో తల దూర్చుకునేది. ఎంత తీసినా అక్కడికే. ఆ వెచ్చదనం దానికి నచ్చింది కాబోలు.

“మా ఇంట్లో ఎవరి దగ్గరా అట్లా చెయ్యదు,” అన్నాడతను ఒకసారి, కాస్త కుళ్ళుతో.

“మీరు కదులుతూ ఉంటారు. నేను కదలను.”

“కదలకుండా ఉండడం నేర్చుకుంటాను. నేర్పుతారా?”

“ముందు మాట్లాడకుండా ఉండడం నేర్చుకోండి.”

“పామేమో చెవుల్లేకుండా హాయిగా ఉంది. మీకేమో నా మాటలు అన్నీ వినిపిస్తున్నాయి. ఎవరు అదృష్టవంతులంటారు?”

ఆమె తల వంచుకుని తువ్వాలు సర్దింది. కానీ ఆ వేళ మెట్లు దిగుతున్నంతసేపూ ఆమె ముఖం మీద నవ్వు అట్లాగే ఉండిపోయింది.

బెల్టు గిన్నె వదిలింది. పొడి కాగితం మీద, వెచ్చగా ఉన్న మూల చుట్టుకుని పడుకుంది. చాలా రోజుల తర్వాత ఎలుకపిల్లను మింగింది. అతను దుకాణానికి ఫోను చేసి “తింది! తింది!” అని అరిచిన అరుపుకి, ఫోను ఎత్తిన యజమాని ఉలిక్కిపడి “ఎవర్ని, బాబూ?” అని అడిగాడు.

సంగతి తెలుసుకున్నాక యజమాని మీసం సర్దుకుని ఆమెతో అన్నాడు: “పాముల పని కూడా వచ్చేసింది కదమ్మాయ్ నీకు. వెనక గదిలో కొత్త పాములు దిగాయి. పొద్దున్నే వాటి పెట్టెలు కూడా నువ్వే శుభ్రం చేసెయ్.”

మెచ్చుకుని ఇచ్చిన పని. వద్దనడానికి ఆమెకు నోరు రాలేదు. నిజానికి సంతోషపడింది కూడా. ఆ సంగతి అతనికి చెప్తే ఏమంటాడో అని దారి పొడుగునా ఊహించుకుంటూ వెళ్ళింది.

కొద్ది రోజులకే బెల్టు మళ్ళీ నీళ్ళకోసం వెతకడం మొదలుపెట్టింది. చిన్న గిన్నెలో పట్టక, తల ఒక్కటీ ముంచి, అట్లా గంటల తరబడి ఉండిపోయేది. తెల్ల కాగితం మీద మళ్ళీ నల్ల నలుసులు.

“గుడ్లు మిగిలి ఉంటాయి,” అంది ఆమె. పెట్టె మళ్ళీ కడిగారు. మళ్ళీ మందు, మళ్ళీ స్నానం. ఆమె ఇంకా తరచుగా వచ్చింది. దుకాణంనుంచి నేరుగా వచ్చి, మూడు మడతలు పెట్టి, మోచేతుల వరకూ కడుక్కుని, కళ్ళు నొప్పెట్టేదాకా ఒక్కొక్క పొలుసూ వెతికింది.

ఆమె వచ్చి వెళ్ళిన రెండు రోజులకి మళ్ళీ నలుసులు.

“కిటికీలోంచి వస్తున్నాయేమో,” అని అతను కిటికీ సందులన్నీ మూసేశాడు. “కుర్చీలో ఉన్నాయేమో,” అని ముసలావిడ తన కుర్చీ మెత్తను ఎండలో పడేసి, చెక్క కుర్చీలో నడుం పట్టేసేదాకా కూర్చుంది.

“ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు,” అంది ఆవిడ నడుం రాసుకుంటూ. “వీటిని తెచ్చే దొంగెవడో ఈ ఇంట్లోనే ఉన్నాడు.”

డాక్టరు బెల్టు నోరు తెరిచి చూసి తల ఆడించాడు. నోటి లోపల పాలిపోయి ఉంది. “రక్తం బాగా తగ్గిపోయింది. ఇంకోసారి తిరగబెడితే ఇది తట్టుకోవడం కష్టం. ఎక్కడినుంచి వస్తున్నాయో ముందు అది కనిపెట్టండి.”

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అతను పాము సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఒక్క మాటా మాట్లాడకుండా కూర్చున్నాడు. కదలనూ లేదు. ఆమెకు అది చూస్తే ఏడుపొచ్చింది.

ఆ రోజు స్నానం అయ్యాక అతను టీ పెట్టడానికి వంటగదిలోకి వెళ్ళాడు. ముసలావిడ కునుకు తీస్తోంది. తువ్వాల్లో బెల్టు బరువే లేదు. ఎండిపోయిన తాడులా ఉంది. అయినా అది ఓపిక చేసుకుని తల ఎత్తి, అలవాటు ప్రకారం ఆమె ఎడమ చేతి మడతలోకి దూరింది.

“పడుకో నాన్నా,” అని, దానికి చోటు ఇద్దామని ఆమె మడత ఒకటి విప్పింది.

విప్పిన మడతలోంచి మూడు నల్ల చుక్కలు తెల్ల తువ్వాలు మీద రాలాయి.

రాలి, క్షణం ఆగి, పాము వైపు నడిచాయి.

పాము మీంచి ఆమె మీదికి రావడం లేదు. ఆమె చేతిలోంచి పాము మీదికి వెళ్తున్నాయి.

 రెండో మడత విప్పింది. ఉన్ని సందుల్లో, వెచ్చగా, ఇంకొన్ని. పొద్దున్నే వెనక గదిలో కొత్త పాముల పెట్టెలు శుభ్రం చేసినప్పుడు ఎక్కినవి. చేతులు శుభ్రంగా ఉండాలనే కదా మడతలు పెట్టింది. కడిగిందంతా మోచెయ్యి కింద. మోసుకొచ్చిందంతా మోచెయ్యి పైన.

బెల్టు మాత్రం కళ్ళు మూసుకోలేని ఆ ముఖంతో ఆమెనే చూస్తూ ఉంది.

తడి కాగితం పెట్టి కనిపించిన నలుసునల్లా తుడిచింది. పామును మళ్ళీ నీళ్ళ తొట్టిలోకి దించి, స్వెట్టరు విప్పి ఒక సంచీలో కుక్కి ముడి వేసింది. టీ కప్పులతో వచ్చిన అతనికి ఎదురెళ్ళి నిలబడింది.

“దీనికి ఇంకోసారి స్నానం చేయించండి. బాగా. తువ్వాలు మరిగే నీళ్ళలో వెయ్యండి. నాకు… తల నొప్పిగా ఉంది. వెళ్తాను.”

“టీ తాగితే తగ్గు…”

“నన్ను తాకకండి!”

అతను చాచిన చెయ్యి గాల్లోనే ఆగింది. ఆమె తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని మెట్లు దిగిపోయింది.

మర్నాడు వెనక గది తలుపు తీసి లైటు వేసింది. కొత్త పాములన్నీ నీళ్ళగిన్నెల్లో ఉన్నాయి. ఒక్కటి కూడా బయట లేదు. ఇన్నాళ్ళూ గబగబా గిన్నెలు కడగడమే తప్ప, వాటి వంక తీరిగ్గా చూసిందే లేదు. చూపంతా బెల్టు కోసం దాచుకుంది మరి.

“వెనక గది మూసెయ్యాలండీ,” అంది యజమానితో. “పాములన్నిటికీ పేలు పట్టాయి.”

“మూసేస్తే ఎట్లా అమ్మాయ్! కొనేవాళ్ళు వస్తారు. పాము చావకుండా, కర్ర విరగకుండా ఏదైనా ఉపాయం చెప్పు.”

“చస్తాయండీ!” అంది ఆమె.

ఆ గొంతు విని తొట్టెల్లో చేపలు చెదిరాయి. యజమాని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆ అమ్మాయి గొంతు అంత పెద్దదని ఆయనకు తెలియదు. సాయంత్రానికి వెనక గదికి తాళం పడింది. డాక్టరుకి కబురు వెళ్ళింది.

ఆమె మాత్రం ఆ మేడ వైపు వెళ్ళలేదు. స్వెట్టరు ఉడకబెట్టింది. తల రెండు పూటలా రుద్దుకుంది. అయినా అద్దంలో చూసుకుంటే ఒళ్ళంతా నలుసులు పాకుతున్నట్టే ఉండేది. చెప్పాలి. చెప్తే? ‘ఆ దొంగ నువ్వేనా?’ అంటాడు. చెప్పకపోతే? ఎప్పుడొస్తారని అడుగుతూనే ఉంటాడు.

అడుగుతూనే ఉన్నాడు. ఫోనులో మెసేజీలు వచ్చేవి.

‘బెల్టు ఇవాళ నీళ్ళకోసం వెతకలేదు.’

‘కాగితం మీద నలుసు ఒక్కటే కనిపించింది.’

‘నాయనమ్మ అడుగుతోంది, మీరెప్పుడొస్తారని.’

కాసేపాగి ఇంకొకటి: ‘నాయనమ్మ అంటే నేనే.’

ఆమె ప్రతిదీ పది సార్లు చదివేది. ఒక్కదానికీ జవాబు రాయలేదు. తను వెళ్ళకపోతే బెల్టు కోలుకుంటోంది. ఆ సంగతి ఎంత సంతోషంగా ఉండాలో అంతా ఉంది. గుండెలో ముల్లు మాత్రం అట్లాగే ఉంది.

చివరికి అతనే వచ్చాడు. ఆ రోజూ వానే. దుకాణం తలుపు తోసుకుని లోపలికి అడుగు పెట్టాడో లేదో,

“అక్కడే ఆగండి!” అని అరిచింది ఆమె. “ముందుకి రావద్దు!”

అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు. బంగారు చేపలు ఏరుకుంటున్న ఒకావిడ ఏరడం మానేసి ఇటు తిరిగింది.

“ఏం చేశానని?” అన్నాడు అతను. “నేనేమైనా తప్పుగా మాట్లాడి ఉంటే చెప్పండి, చెంపలేసుకుంటాను. కానీ నన్ను చూస్తేనే ఇంత అసహ్యమేంటండీ? ఆ రోజు కూడా తాకకండి అన్నారు. పెళ్ళి కుదిరిందా? కుదిరితే కుదిరిందని చెప్పండి.”

“ఎవరికి కుదిరింది?” అన్నాడు యజమాని లోపల్నుంచి.

“ఎవరికీ కుదరలేదు!” ఆమె కౌంటరు అంచు గట్టిగా పట్టుకుంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని తెలిసింది. “ఆ దొంగని నేనేనండీ. మీ ఇంటికి పేలు మోసుకొచ్చింది నేను. ఇక్కడ వెనక గదిలో పాములకి పట్టాయి. పొద్దున్న వాటిని ముట్టుకుని, సాయంత్రం మీ దగ్గరికి వచ్చాను. స్వెట్టరు మడతల్లో ఉన్నాయి. బెల్టు వెచ్చగా ఉందని ఎక్కడ తల దూర్చుకునేదో, అక్కడే. తగ్గినప్పుడల్లా మళ్ళీ తెచ్చి ఎక్కించింది నేనే. అది చచ్చిపోయుంటే… చంపినదాన్ని నేనే అయ్యేదాన్ని.”



అతను ఆమె వైపు చూశాడు. మూసిన వెనక గది తలుపు వైపు చూశాడు. తన చొక్కా వైపు చూసుకున్నాడు. తర్వాత ఒక్క మాట మాట్లాడకుండా గిర్రున తిరిగి, చొక్కా దులుపుకుంటూ, వానలోకి పరుగెత్తుకుంటూ వెళ్ళిపోయాడు.

“గొడుగు కూడా మరిచిపోయాడు పాపం,” అంది బంగారు చేపల ఆవిడ.

ఆ తర్వాత మెసేజీలు లేవు.

మొదటి రోజు ఆమె సరే అనుకుంది. కోపం ఉంటుంది, ఉండాలి. తర్వాత ఫోను చూడడం మానేద్దామని సంచీ అడుగున పెట్టింది. పెట్టి, అరగంటకోసారి సంచీలో చెయ్యి పెట్టి దేవింది. ఒకసారి తనే ‘బెల్టు ఎట్లా ఉంది?’ అని రాసి పంపింది. జవాబు లేదు. బెల్టు లేదేమోనన్న అనుమానం రాగానే ఆమెకు అన్నం సయించలేదు. వెళ్ళి చూసొద్దామంటే, వెళ్ళిన అడుగే దానికి విషమైతే? ఆ మేడ ఉన్న వీధి చివరిదాకా నడిచి, పై కిటికీ వంక చూసి, వెనక్కి వచ్చేసింది. కిటికీలో దీపం వెలుగుతోంది. దాన్నిబట్టి ఏం తెలుస్తుంది?

తొట్టెలు తుడుస్తుంటే దుకాణం ఫోను మోగింది. యజమాని విని, “నీకే. ఎవరో పెద్దావిడ. నన్ను ‘ఏమోయ్’ అంటోంది,” అని చేతికిచ్చాడు.

“అమ్మాయ్! బతికే ఉన్నావా?”

“మామ్మగారూ…” ఆమె ఫోను రెండు చేతులతో పట్టుకుంది. “బెల్టు…?”

“దానికేం, మహారాజులా ఉంది. నిన్న తింది, అంతకుముందూ తింది. కడుపు మీద బొబ్బలు ఎండి రాలిపోయాయి. వచ్చి చూడు.”

కళ్ళనీళ్ళు కారుతున్నా తుడుచుకునే ధ్యాస లేదు ఆమెకు. “మామ్మగారూ, మీకు చెప్పారా? అవి మోసుకొచ్చింది నేనే…”

“చెప్పాడు. మా ఇంట్లో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. అవి ఎక్కాయి, నువ్వు మోశావు. బస్సు డ్రైవరు జేబుదొంగని ఎక్కించుకుంటే డ్రైవర్ని జైల్లో వేస్తామా?”

“మరి ఆయన ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయారు. తర్వాత కూడా ఒక్క మాట…”

“వాడి తెలివి గురించి ఏం చెప్పమంటావు! నువ్వు ఆ మాట అనేసరికి వాడి ఒంటి మీదంతా పాకినట్టయిందట. ఆ బట్టలతో లోపలికొస్తే బెల్టుకి అంటుకుంటాయని గుమ్మం బయటే చొక్కా, పాంటూ విప్పి, మరిగే నీళ్ళ బకెట్లో పడేశాడు. ఫోను పాంటు జేబులోనే ఉంది. ఉడికిపోయింది.”

ఆమెకు ఏడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. “దుకాణానికైనా రావచ్చు కదండీ…”

“వద్దామనే వాడి ఆత్రం. చేతిలో పని అయ్యేదాకా మొహం చూపించనంటాడు. ఆ సుత్తి చప్పుడు వినిపిస్తోందా? అదే. నా చెవులు పోయేలా ఉన్నాయి. నువ్వు వస్తే గానీ ఆపేట్టు లేడు.”

“నేను రాకూడదు మామ్మగారూ. ఇక్కడ ఇంకా పూర్తిగా పోలేదు. నా బట్టల మీద…”

“ఆ సంగతి వాడు చూసుకున్నాడు. నువ్వు రా.”

వెళ్ళింది. మెట్టు మెట్టుకీ ఆగి చేతులు దులుపుకుంటూ వెళ్ళింది. ఆఖరి మెట్టు మీద కాలు పెట్టగానే మూసిన తలుపు వెనక నుంచి అతని గొంతు వినిపించింది.

“అక్కడే ఆగండి! ముందుకి రావద్దు!”

ఆమె పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది.

“కుడివైపు చూడండి,” అంది ఆ గొంతు, ఈసారి కాస్త మెత్తగా.

గుమ్మం పక్కన, మెట్ల దగ్గరి ఖాళీ మూలలో, గోడనుంచి గోడకి ఒంపు తిరిగిన స్టీలు కడ్డీ ఒకటి బిగించి ఉంది. దానికి మందపాటి పరదా. ఆమె పరదా తప్పించి, దాని వెనకున్న చిన్న చెక్క తలుపు తోసి లోపలికి చూసింది. నిటారైన చెక్క గోడ, ఒక బల్ల, మూత ఉన్న బకెట్టు, కుళాయి, సబ్బు. కొక్కేనికి ఒక తెల్లటి నూలు గౌను. మోచేతికి చాలా పైనే ఆగిపోయే పొట్టి చేతులు. జేబుల్లేవు. ఎక్కడా మడత లేదు.

“మీ బట్టలు బకెట్లో పెట్టి మూత వెయ్యండి,” అన్నాడు తలుపు వెనక నుంచి. “చేతులు భుజాల దాకా కడుక్కోండి. అది వేసుకుని రండి. గడియ లోపలివైపే ఉంది, చూసుకోండి. నేను అవతలి గదిలోకి వెళ్ళిపోతున్నాను. నిజంగా వెళ్ళిపోతున్నాను. అడుగుల చప్పుడు వినండి.”

అడుగుల చప్పుడు వినిపించింది. కావాలని గట్టిగా వేసిన అడుగులు.

ఆమె గడియ పెట్టుకుని, ఆ చిన్న మూలలో చాలాసేపు ఊరికే నిలబడింది. కడ్డీ ఒంపు దగ్గర గరుకు లేకుండా అరగదీసి ఉంది. బల్ల ఎత్తు సరిగ్గా ఆమె కూర్చునే ఎత్తు. కన్నీళ్ళు ఆగాక చేతులు భుజాల దాకా కడుక్కుంది.

తలుపు తీసుకుని లోపలికి వచ్చిన ఆమెను చూసి ముసలావిడ మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆ చెయ్యీ ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వింది. గౌను నేల మీద జీరాడుతోంది. భుజాలు జారిపోతుంటే ఆమె రెండు చేతులతో పట్టుకుని ఉంది.

“ఒరేయ్! మిల్లీమీటరు తేడా వస్తే లిఫ్టు తలుపు పడదంటావే, ఈ కొలత ఎవరిదిరా? నాదా?”

“అడక్కుండా కొన్నాను కదా,” అతను చెవులు ఎర్రగా చేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. “బిగుతైతే ఇబ్బంది పడతారని…”

“ఇందులో ఇద్దరం పడతాం,” అంది ఆమె. అన్నాక ఆ మాట తన చెవికే వినిపించి, నాలుక కరుచుకుంది.

“నేను పేపరు చదువుకోవాలి,” అని ముసలావిడ లేచింది. కుర్చీ మెత్త తిరిగి వచ్చినట్టుంది, నడుం మీద చెయ్యి లేదు. ఆమె పక్కనుంచి వెళ్తూ ఆగి, జారిన గౌను భుజం సర్ది, చెంప మీద చెయ్యి వేసింది. “ఇంట్లో బట్టలు ఉన్న మనిషిని చుట్టం అనరు తల్లీ. ఇకమీదట తలుపు కొట్టకు. తోసుకుని రా.”

గదిలో ఇద్దరే మిగిలారు. ఆమె పెట్టె దగ్గరికి వెళ్ళింది. బెల్టు పొడిగా, వెచ్చని మూల, నిండుగా చుట్టుకుని ఉంది. కళ్ళ చుట్టూ శుభ్రంగా ఉంది. తెల్ల కాగితం తెల్లగానే ఉంది. అయినా ఆమె వంగి, ఒక్కొక్క మూలా వెతికింది. భయం అంత తొందరగా వదలదు.

“ఏమీ లేవు,” అన్నాడతను. “నేను పొద్దున్నా సాయంత్రమూ చూస్తున్నాను. కదలకుండా కూర్చోవడం కూడా వచ్చేసింది.”

“మీకు కోపం రాలేదా?”

“వచ్చింది. మీ మీద కాదు, నా మీద. మీరు అన్ని రోజులు ఆ భయం ఒక్కరే మోస్తుంటే, నేను ‘నాయనమ్మ అడుగుతోంది’ అని వేళాకోళం మెసేజీలు పెట్టాను చూశారా, దానికి.” అతను ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు. “మీరు దుకాణం మానక్కర్లేదు. చేపలు మీవి. పాములూ మీవే. రోజూ ఎక్కడెక్కడ తిరిగొచ్చినా, ఆ పరదా వెనక అన్నీ వదిలేసి లోపలికి రావచ్చు. రోజూ. నేను చెప్తున్నది బెల్టు కోసం కాదు. ఎప్పటికీ అని… అంటే నువ్వు… మీరు…”

లిఫ్టు మధ్యలో ఆగిపోయినట్టు అతని మాట ఆగిపోయింది. పక్క గదిలో పేపరు తిరగేస్తున్న చప్పుడు కూడా ఆగింది.

ఆమె తల ఎత్తలేదు. గౌను అంచు వేళ్ళతో నలుపుతూ, తనకు అలవాటైన ఆ మెల్లని గొంతుతోనే అడిగింది.

“ఒక్కటే కొన్నావా? ఇది ఉతికి ఆరేసిన రోజున నేనేం వేసుకోను?”